కట్టుకునేవాళ్ళ మాట

చీరెల కొట్లో కూర్చుని, "ముదురాకుపచ్చకి మామిడిపండు రంగు అంచున్నది చూపించు నాయనా" అని అడిగితే కొట్టువాడేం చేస్తాడో మనందరికీ తెలుసు. "ఇది చూడండమ్మా, ఈ ఏడు అందరూ ఇదే తీసుకుంటున్నారు" అంటూ వంకాయరంగు చీరె విప్పి మన ఒళ్ళో పడేస్తాడు. కాదంటే ఇంకో నాలుగు విప్పుతాడు. అయిదో చీరె విప్పేసరికి మొహమాటం మనకే మొదలవుతుంది. ఇన్ని మడతలు పాడుచేయించామే అని జాలిపడి, ఏదో ఒకటి పట్టుకుని ఇంటికొస్తాం. వాడి బీరువాలో పడివున్న సరుకు మన బీరువాలోకి మారుతుంది. అంతకుమించి జరిగిందేమీ వుండదు.

తన దగ్గరున్నది అంటగట్టాలని అమ్మేవాడికీ, తనకి నచ్చింది తీసుకోవాలని కొనేవాళ్ళకీ మధ్య ఈ తగువు ఇవాల్టిది కాదు. ఒకప్పుడు ఈ తగువులోకి రాజులు దిగారు. పార్లమెంటు దిగింది. వీధుల్లో ఆడవాళ్ళ ఒంటిమీద బట్టలు చింపేదాకా వచ్చింది. అదంతా లండన్లో జరిగినా, ఆ కథకి రెండో కొస మన బందర్లో వుంది. బందరంటే మనకి లడ్డూ గుర్తొస్తుంది, హల్వా గుర్తొస్తుంది. పదిహేడో శతాబ్దంలో మాత్రం బందరంటే దేశదేశాల ఆడవాళ్ళకీ బట్ట గుర్తొచ్చేది.

అప్పుడు బందరు గోల్కొండ నవాబుల రేవు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడికొచ్చారు. వాళ్ళకంటే ఎంతో ముందునుంచే పర్షియావాళ్ళు, అరబ్బులు, తూర్పుదీవుల వర్తకులు అక్కడ బేరాలాడుతూ వుండేవారు. అందరూ వచ్చింది ముఖ్యంగా గుడ్డకోసమే. విలియం మెథ్‌వొల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1618 నుంచి నాలుగేళ్ళు బందర్లో వుండి, తర్వాత గోల్కొండ రాజ్యం గురించి రాశాడు. కలంతో గీసిన ఆ అద్దకపు గుడ్డల్ని ఎన్నిసార్లు ఉతికినా, గుడ్డ చిరిగేదాకా రంగు పోదని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఆయన ఆశ్చర్యంలో వింతేమీ లేదు. ఆ రోజుల్లో యూరపులో గుడ్డమీద పువ్వు అద్దితే అది మొదటి ఉతుకుకే సగం నీళ్ళలో కలిసిపోయేది. రంగుని నూలులోకి ఎక్కించి పట్టి వుంచడం వాళ్ళకి తెలియదు. మనవాళ్ళకి తెలుసు. గుడ్డని ముందు కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ తడిపి ఆరేస్తారు. నల్లగీతకి బెల్లంలో పాత ఇనుము వారాల తరబడి నానేసిన పులుపునీళ్ళు. వెదురుపుల్ల కొసకి గుడ్డపీలికో ఉన్నో చుట్టి, ఆ నీళ్ళలో ముంచి గీస్తారు. ఎర్రపువ్వు కావలసినచోట పటికనీళ్ళు పూసి, తర్వాత గుడ్డంతా చిరివేరు రంగులో ఉడకేస్తారు. పటిక తగిలినచోట ఎరుపు నిలుస్తుంది. తగలనిచోట ఏదో చాయ మాత్రం అంటుకుంటుంది. ఆ చాయ పోవడానికి పేడనీళ్ళలో నానబెట్టి, ఏట్లో జాడించి, ఇసుకమీద పరిచి, ఎండకి ఎండకుండా నీళ్ళు చల్లుతూ కూర్చోవాలి. నీలానికి మళ్ళీ వేరే తతంగం. నీలం అక్కర్లేనిచోటల్లా మైనం పూసి నీలిమందు తొట్టెలో ముంచాలి. ఇంతా చేస్తే ఒక దుప్పటి. ఇందులో ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు అందరి చేతులూ పడతాయి.

పనితనం సరే. అంత పనితనం వున్న బందరువాళ్ళు "ఇదిగో మా గుడ్డ, ఇష్టమైతే కొనండి" అని కూర్చోలేదు. పర్షియావాళ్ళకి సరివిచెట్టులా సన్నగా పొడుగ్గా పైకిపోయే చెట్లు, మసీదు గూడులాంటి కమానులు ఇష్టం. వాళ్ళకి అవే వేసిచ్చారు. తూర్పుదీవుల్లో ఆడామగా నడుముకి చుట్టుకునే గుడ్డకి రెండు చివరలా కోరల్లాంటి మొనలుండాలి. వాళ్ళకి అవి. ఒకే వీధిలో, ఒకే చిరివేరుతో, ఎవరి గుడ్డ వాళ్ళకే.

ఎంత చిన్న విషయంలో పట్టింపు వుండేదో చెప్పడానికి ఒక సంగతి వుంది. పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చివాడు ఇంగ్లీషు కంపెనీ కొలువులో చేరి, 1611లో గ్లోబ్ అనే ఓడలో మన తీరానికొచ్చాడు. నిజాంపట్నంలోనూ బందర్లోనూ గుడ్డలు కొని, 1612లో మలయా తీరంలోని పటానీ రేవుకి పట్టుకెళ్ళాడు. ఇప్పుడది థాయ్‌లాండ్ దక్షిణకొసలో వుంది. గుడ్డలు మంచివే. నేత మంచిది, రంగు మంచిది. అయినా అమ్ముడుపోలేదు. ఎందుకంటే వాటి చివర సన్నటి తెల్ల అంచు వుంది. మలయావాళ్ళు కట్టుకునే అసలైన గుడ్డకి ఆ తెల్లగీత వుండదు. అంతే! గుమ్మంలోకొచ్చిన ఓడని ఒక దారప్పోగంత తెల్లగీత ఆపేసింది. పాపం, ఫ్లోరిస్ ఆ మాట తన దినచర్యలో రాసుకుని వాపోయాడు. "ఇంత మంచి గుడ్డకి ఆ కాస్త అంచు అడ్డమా?" అని మగవాళ్ళెవరైనా అనవచ్చు. అంచు నప్పక నచ్చిన చీరెని వదిలేసి వచ్చిన మనకి మాత్రం పటానీ ఆడవాళ్ళ మనసు ఇట్టే అర్థమవుతుంది.

ఇంగ్లీషు కంపెనీవాళ్ళు ఆ పాఠం నేర్చుకోవడానికి కొంతకాలం పట్టింది. మొదట్లో వాళ్ళు మన అద్దకాలు కొన్నది జావా, సుమత్రాల్లో మిరియాలకీ లవంగాలకీ బదులివ్వడానికే. మిగిలిన కాసిని లండన్ తీసుకెళ్ళి వేలం వేస్తే జనం ముచ్చటపడ్డారు. కానీ అందులోనూ ఒక పేచీ వచ్చింది. మన దేశంలో ఎరుపు శుభం. నేలంతా ఎర్రగా వుండి మధ్యలో పువ్వులుంటే మన కంటికి నిండుగా వుంటుంది. మసక వెలుతురుండే ఇంగ్లండు గదుల్లో ఆ ముదురెరుపు మరీ దిగులుగా కనిపించింది కాబోలు. 1643లో కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ కోఠీకి ఒక జాబు రాశారు. మీరు పంపే దుప్పట్ల ముదురెర్ర నేల ఇక్కడ అంతగా నచ్చడంలేదు, ఇకమీదట తెల్లనేల ఎక్కువ వుండేలా చూడండి, మధ్యలో పువ్వులూ కొమ్మలూ రంగుల్లో వుండాలి, అవి మాత్రం చిత్రకారుడి ఇష్టప్రకారం వెయ్యనివ్వండి అన్నది దాని సారాంశం.

ఈ జాబు చదివితే నాకు ముచ్చటేస్తుంది. వ్యాపారం చేసేవాడు, "వాళ్ళకి అలవాటు చేద్దాం లెండి, నాలుగేళ్ళు పోతే ఎర్రనేలే నచ్చుతుంది" అనలేదు. కొనేవాళ్ళు మొహం చిట్లించిన సంగతి సముద్రాలు దాటించి చెప్పాడు. చేసేవాడికి కావలసింది చెప్పి, పువ్వుని వాడి చేతికి వదిలిపెట్టాడు.

కోరిక చెప్పడం తేలికే. తీర్చడం మాత్రం తేలిక కాదు. తెల్లనేల అంటే పని తగ్గుతుందనుకోకండి. ఎర్రనేలమీద చిన్న మరక కనపడదు. తెల్లనేలమీద చిరివేరు చాయ ఇసుమంత మిగిలినా కనపడుతుంది. చలవచెయ్యడం రెట్టింపు, ఎండలో కాపలా రెట్టింపు. అయినా సూరత్ వైపువాళ్ళూ మార్చుకున్నారు, మన తీరంవాళ్ళూ మార్చుకున్నారు. తర్వాత తర్వాత లండన్ నించి నమూనా బొమ్మలు కూడా వచ్చేవి. వాటిలో తాము జన్మలో చూడని పువ్వులు, చీనా కొండలు, ఇంగ్లీషు కుట్టుపనిలోని మెలికలు వుండేవి. మనవాళ్ళు వాటిని తమకి తోచినట్టు అర్థం చేసుకుని గీశారు. ఒక గుట్టమీద మెలికలు తిరిగిన చెట్టు, దాని కొమ్మలకి ఒకదానికొకటి పొంతనలేని నూరురకాల పువ్వులు. ఆ మంచపు దుప్పట్లకి పలంగ్‌పోష్ అనే మాటనుంచి ఇంగ్లీషులో పాలంపూర్ అనే పేరొచ్చింది. లండన్ దొరసానులు వాటిని చూసి, "ఆహా, హిందూదేశమంటే ఇదీ" అని మురిసిపోయారు. వాళ్ళు ఊహించుకున్న హిందూదేశాన్ని మనవాళ్ళే గీసి పంపారన్నమాట!

ఇక చూడండి మోజు. 1663లో శామ్యూల్ పీప్స్ అనే నౌకాశాఖ ఉద్యోగి, భార్య కొత్త చదువుగది గోడలకి వేయడానికి హిందూదేశపు అద్దకపు గుడ్డ కొన్నట్టు తన డైరీలో రాసుకున్నాడు. దాన్ని ఆయన 'చింట్' అన్నాడు. చుక్కలది, మచ్చలది అనే అర్థంగల మన హిందీ మాట ఛీంట్ అక్కడ 'చింట్జ్' అయింది. మన అమ్మమ్మలు పూలపూల పరికిణీ గుడ్డని చీటిగుడ్డ అనేవారు, గుర్తుందా? అది కూడా ఈ చుట్టాల్లోదే. మొదట గోడలకి, తర్వాత మంచాలకి, ఆ తర్వాత ఒంటిమీదకి ఎక్కింది చీటి. 1681లో కంపెనీవాళ్ళు బెంగాల్‌కి రాసిన ఉత్తరంలో పూలపట్టు గురించి ఇంకో ఉపదేశం వుంది. ప్రతి ఏడూ పువ్వునీ ఫ్యాషన్నీ మార్చండి, మా దొరసానులు నిరుటిలాంటి మంచి బట్టకన్నా, కాస్త నాసిదైనా ఎవరూ చూడని కొత్తబట్టకి రెట్టింపు ఇస్తారు అని. మూడువందల ఏళ్ళకి పైబడిన ఈ మాట చదివి ఏ వ్యాపారీ ఇవాళ కొత్తగా నేర్చుకునేదేమీ లేదు.

మోజు అని తీసిపారేస్తే మాత్రం ఆ ఆడవాళ్ళకి అన్యాయం చేసినట్టే. అంతవరకూ వాళ్ళకున్నదేమిటి? బరువైన ఉన్ని, ఖరీదైన పట్టు, ముతక నార. ఉన్ని గౌనుని ఉతకడం కుదరదు. పట్టు ఉతికితే పాడవుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో, వంటింటి పొగలో, ఉతకడానికి వీల్లేని గుడ్డ కట్టుకుని బతకడం ఎంత నరకమో ఆలోచించండి. అలాంటప్పుడు తేలిగ్గా, మెత్తగా, ఎన్నిసార్లు ఉతికినా పువ్వు వాడని గుడ్డ వచ్చింది. అన్ని వెలల్లోనూ వచ్చింది. దొరసానీ కట్టుకుంది, ఆవిడ పనిమనిషీ కట్టుకుంది. వెనకనుంచి చూస్తే ఎవరెవరో పోల్చుకోలేకుండా వున్నామని పెద్దమనుషులు గగ్గోలు పెట్టారు. అసలు దుగ్ధ అక్కడే వుంది.

అమ్మకందార్లకి ఇది మింగుడు పడలేదు. ఇంగ్లండు సంపదంతా ఉన్నిమీద నిలిచింది. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో పట్టునేతగాళ్ళున్నారు. వాళ్ళ సరుకు కొట్లో పడివుండగా, ఎక్కడో సముద్రాల అవతల గీసిన పువ్వు అమ్ముడుపోతోంది. వాళ్ళు ఆడవాళ్ళకి నచ్చేది ఏమిటా అని వెదికే బదులు, నచ్చినదాన్ని ఆపించే దారి వెదికారు. ఫ్రాన్సులో 1686లోనే రాజు నిషేధించాడు. ఇంగ్లండులో 1700లో పార్లమెంటు, హిందూదేశపు అద్దకాల్ని దేశంలో వాడకానికి దిగుమతి చేయరాదంది. తెల్లగుడ్డ మాత్రం రావచ్చు. దాంతో తెల్లగుడ్డ తెప్పించుకుని లండన్లోనే అచ్చులద్దడం మొదలైంది. మోజు తగ్గలేదు. డేనియల్ డెఫో, ఆ రాబిన్సన్ క్రూసో రాసినాయనే, 1708లో ఈ గుడ్డ మన ఇళ్ళలోకి, తెరల్లోకి, దిళ్ళలోకి, చివరికి పడకల్లోకి దూరిపోయిందని పత్రికలో వాపోయాడు.

1719 వేసవిలో నేతగాళ్ళు వేలాదిగా వీధుల్లోకొచ్చారు. చీటిగుడ్డ కట్టుకున్న ఆడది కనిపిస్తే చాలు, గౌను పట్టుకు చింపారు. సిరా చల్లారు. రాగిరేకుమీద రాతలు చెక్కే ఘాటుద్రావకం కూడా చల్లారు. బజారుకెళ్ళిన పిల్ల చిరిగిన బట్టల్తో ఇల్లు చేరేది. ఆ నేతగాళ్ళ కడుపుమంట అబద్ధమని నేననను. మగ్గం ఆగితే ఇంట్లో పిల్లలు పస్తుంటారు. ఆ బాధ మన నేతవాళ్ళ ఇళ్ళలోనూ చూశాం. కానీ ఆ కోపం వెళ్ళి పడ్డదెవరిమీద? సరుకు తెప్పించిన కంపెనీ డైరెక్టర్ల కోట్లెవరూ చింపలేదు. చౌకగా దొరికిందని ఒక గౌను కుట్టించుకున్న పనిపిల్ల దొరికింది వాళ్ళకి.

1721లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. 1722 క్రిస్మస్ నించి అద్దకపు నూలుగుడ్డ కట్టుకోవడమే నేరం. కట్టుకున్నవాళ్ళకి అయిదు పౌన్ల జరిమానా. ఆ డబ్బు పట్టిచ్చినవాడికి. అమ్మినవాడికి ఇరవై పౌన్లు. పక్కింటివాళ్ళు మన కిటికీ తెరల్ని చూసి అధికార్లకి చెప్పే రోజులన్నమాట. ఆడవాళ్ళు మానారా? మానలేదు. దొంగసరుకు వస్తూనే వుంది. ఫ్రాన్సులో పదిహేనో లూయీ ప్రియురాలు మదాం పాంపడూర్ బెల్‌వ్యూలోని తన భవనంలోనే ఈ గుడ్డలు పెట్టుకుంది. రాజుగారి శాసనం రాజుగారి ప్రియురాలి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆపలేమని తెలిశాక తెలివైనవాళ్ళు రెండో దారి పట్టారు. ఆడవాళ్ళు కోరేది ఆపడమెందుకు, మనమే చేసి ఇద్దాం అనుకున్నారు. దానికి ముందు ఆ విద్య కావాలి. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక అద్దకపతని పక్కన కూర్చుని, పని ఒక్కో మెట్టు పూర్తవగానే గుడ్డలో ఒక ముక్క కత్తిరించి పుస్తకంలో పెట్టుకున్నాడు. కరక్కాయ ముక్క, నల్లగీత ముక్క, పటిక ముక్క, అలా వరసగా. 1742లో కూర్డూ అనే ఫ్రెంచి మతగురువు, క్రైస్తవంలో కలిసిన అద్దకంవాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పిన పద్ధతంతా ఉత్తరం రాసి యూరపు పంపాడు. తెలుగు, సంస్కృతం బాగా నేర్చిన పండితుడాయన. పాపం, వాళ్ళు గురువుగారు అడిగారని చెప్పివుంటారు. తరతరాలుగా కొడుక్కీ కోడలికీ మాత్రమే చెప్పుకున్న రహస్యం ఓడెక్కి వెళ్ళిపోయింది.

ఇక పనులు చకచకా జరిగాయి. 1759లో ఫ్రాన్సు నిషేధం ఎత్తేసింది. 1760లో ఓబర్‌కాంఫ్ అనే ఆయన ఝూయీలో అద్దకపు కార్ఖానా పెట్టాడు. ఇంగ్లండులో ఆర్క్‌రైట్ యంత్రంతో గట్టినూలు తీయగలిగాక, తనే వెళ్ళి పార్లమెంటుని అడిగి 1774లో చట్టం సడలించుకున్నాడు. తమ చేతకానప్పుడు నేరమైన గుడ్డ, తమ చేతనైన మర్నాటికి దేశసేవ అయింది!

ఈలోగా మన తీరంలో ఏం జరిగింది? మొదట్లో బందరు నేతవాడికీ అద్దకపతనికీ ఒక బలముండేది. ఇంగ్లీషువాడి బయానా నచ్చకపోతే తిరిగిచ్చేసి డచ్చివాడికో, పర్షియా వర్తకుడికో అమ్ముకునేవాడు. కొనేవాళ్ళు నలుగురుంటేనే చేసేవాడికి మర్యాద. 1765-66లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి. కొనేవాడే రాజయ్యాడు. రాజు బేరమాడడు, హుకుం జారీచేస్తాడు. ఇంకెవరికీ అమ్మకూడదన్నారు, ధర తామే కట్టారు. నేతవాళ్ళు అర్జీలు పెట్టుకున్నారు, మగ్గాలు ఆపారు, ఊళ్ళు వదిలిపోయారు. ఇక్కడ మనం ఒకటి గమనించాలి. లండన్లో ఆ గుడ్డ కట్టుకునే ఆవిడకి ఇదేమీ తెలియదు. బందర్లో గీసేవాడికి ఆవిడ తెలియదు. ఆవిడకేం కావాలో తెలిసినవాడు ఇద్దరి మధ్యా వున్న కంపెనీవాడొక్కడే. చేతిపని మనది. కోరిక ఆవిడది. ఆ రెంటి మధ్యా వుండే కబురు వాడి జేబులో వుంది. లాభం కూడా ఆ జేబులోకే పోయింది.

కథలో చివరి మలుపు 1866లో. అప్పటికి లాంకషైర్ మిల్లుల గుడ్డ మన దేశాన్ని ముంచెత్తుతోంది. ఒకనాడు మన కోరమాండల్ మగ్గాలమీద నేసి ఓడలకెక్కించిన లాంక్లాతు, అదే పేరుతో మిల్లుగుడ్డై మనకే తిరిగివచ్చింది. కానీ మిల్లువాళ్ళకి ఫ్లోరిస్ చిక్కే వచ్చింది. గజాలకొద్దీ గుడ్డ వుంది. దాన్ని మనవాళ్ళు కట్టుకోవద్దూ? అప్పుడు జాన్ ఫోర్బ్స్ వాట్సన్ రంగంలోకి దిగాడు. వృత్తికి వైద్యుడు, లండన్ ఇండియా ఆఫీసులో హిందూదేశపు సరుకుల్ని పరిశీలించే ఉద్యోగం. మన దేశమంతటి గుడ్డలు సేకరించి, మళ్ళీ కత్తెర తీశాడు. 700 నమూనాలు కత్తిరించి 18 సంపుటాల్లో అంటించాడు. అలాంటివి 20 సెట్లు. 13 సెట్లు మాంచెస్టర్, గ్లాస్గోలాంటి బ్రిటిష్ ఊళ్ళకి, 7 సెట్లు మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి చోట్లకి. ప్రతి ముక్కకీ ఒక నంబరు. పొడుగెంత, పన్నా ఎంత, తూకమెంత, ఏ ఊళ్ళో ఎంతకి కొన్నది అన్నీ రాశాడు. ఇక్కడి ఏజెంటు నంబరు చెబితే అక్కడి మిల్లువాడు అదే ముక్క తీసి చూసుకోవచ్చు.

దాంతోపాటే ఆయన ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా వుంటుంది. అయ్యా, హిందూదేశంలో ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎక్కువగా కట్టుకునేది కుట్టిన బట్ట కాదు. మగ్గంమీంచి దిగినదాన్ని దిగినట్టే చుట్టుకుంటారు. అంచేత తలపాగా అయినా, ధోవతి అయినా, చీరె అయినా పొడుగు సరిపోవాలి, పన్నా సరిపోవాలి, అంచు అంచులాగే వుండాలి, పైట చెంగు చెంగులాగే వుండాలి. ఎంత మంచి గుడ్డ నేసినా ఇవి తప్పితే ఎవరూ కొనరు. జరీ పనులూ సన్న మస్లిన్లూ కట్టుకునేవాళ్ళు కొద్దిమంది. వాటితో పోటీ వద్దు. కోట్లమంది కట్టుకునే మామూలు చీరె, మామూలు పంచె చూసుకోండి.

చూశారా, చీరెకి చెంగెక్కడుంటుందో మాంచెస్టర్‌కి ఒక డాక్టరు పాఠం చెప్పవలసివచ్చింది! నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే మనసు చివుక్కుమంటుంది. 1643 జాబులో వున్న బుద్ధే ఇదీ. కొనేవాళ్ళ మాట విను, వాళ్ళకి కావలసింది చెయ్యి. కానీ అప్పుడు ఆ మాట బందరులాంటి ఊళ్ళకి అన్నం పెట్టింది. ఇప్పుడు అదే మాట ఆ ఊళ్ళ నోటిదగ్గర కూడు తీసింది. 1870 వచ్చేసరికి ఏటా దాదాపు నూరుకోట్ల గజాల బ్రిటిష్ గుడ్డ మన దేశంలో దిగింది. బందరుకైతే మీదినుంచి మరో దెబ్బ. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్ఫైవేలమంది పోయారు. కలంపట్టిన చేతులెన్ని అందులో కొట్టుకుపోయాయో లెక్కేవరు కట్టారు?

అయినా మన మగ్గం చావలేదు. ఎక్కడ నిలబడిందో చూస్తే మళ్ళీ మన మాటే కనిపిస్తుంది. చీరె మధ్య ఒక రంగు, అంచు పూర్తిగా ఇంకో రంగు, రెండూ కలిసేచోట ఒక్క పోగు కూడా అటుదిటు కాకుండా వుండాలని మన ఆడవాళ్ళు పట్టుబట్టారు. దానికి మూడు నాడెలు కావాలి, నాడె నాడెకీ పోగు మెలెయ్యాలి. కుప్పడం అంటాం. వేగంగా పోయే మిల్లుమగ్గానికి ఆ ఓపిక లేకపోయింది. నూలుచీరెకి పట్టంచు వేసే గద్వాల నేతలో ఈ పనితనమే వుంది. ఖద్దరు రోజులు వచ్చినప్పుడూ అంతే. 1921 తర్వాత మన అమ్మమ్మలు దేశంకోసం దుప్పటిలాంటి ముతకచీరెలు భుజాన వేసుకు తిరిగారు. అది మనసారా చేసిన త్యాగం. అయినా సన్నచీరెమీద ఆశ చావలేదు. ఆ ఆశకి జవాబుగా శ్రీకాకుళం జిల్లా పొందూరు ఆడవాళ్ళున్నారు. వాలుగచేప దవడఎముకతో దూది దువ్వి, మల్లెపువ్వులాంటి నూలు వడికారు. ఉపన్యాసాలు మార్చలేని మనసుల్ని పొందూరు నూలు గెలుచుకుంది.

ఇప్పుడు బందరు పక్కనే పెడనలో అచ్చుల చప్పుడు వినిపిస్తుంది. శ్రీకాళహస్తిలో 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి చొరవతో కలంపని మళ్ళీ లేచింది. కానీ తెరమీద గంటలో అచ్చొత్తిన గుడ్డ కూడా కలంకారీ పేరుతోనే వీధివీధినా దొరుకుతోంది. చౌకగా వుంటే కొనుక్కోవడం తప్పు కాదు. పేరు మార్చి అమ్మడం తప్పు. అప్పుడు కొనేవాళ్ళ కోరికా మోసపోతుంది, చేసేవాడి కష్టమూ మోసపోతుంది. ఆ రెంటి మధ్యా వున్న జేబు మాత్రం ఎప్పటిలాగే నిండుతుంది.

ఇంత చరిత్రా చదివాక నా మనసు మళ్ళీ ఆ 1643 జాబు దగ్గరే ఆగుతుంది. తెల్లనేల కావాలని అడిగినవాళ్ళు నోరు మూసుకుని వచ్చింది పుచ్చుకోలేదు. తమకేం కావాలో తెలుసుకుని అడిగారు. పువ్వు మాత్రం గీసేవాడి ఇష్టానికి వదిలేశారు. తర్వాత వచ్చినవాళ్ళు పువ్వుకి నమూనా పంపారు, ధరకి హుకుం పంపారు, చివరికి పువ్వునీ ధరనీ రెంటినీ పట్టుకుపోయారు. మన ఊళ్ళో మగ్గమున్నవాళ్ళుంటే, అచ్చులద్దేవాళ్ళుంటే, ఒకసారి వాళ్ళ గుమ్మందాకా వెళ్ళి, ఏ రంగు కావాలో, ఎంత పొడుగు కావాలో నోరువిప్పి చెప్పివద్దాం. మన మాట జేబుల్లో పడి నలగకుండా తిన్నగా వాళ్ళ చెవినే పడుతుంది. చెప్పినాక ఇంక పువ్వు సంగతి వాళ్ళకి వదిలెయ్యండి. నాలుగు వందల ఏళ్ళుగా వాళ్ళకది తెలిసిన పని.